అంగడి రేకు – ఇంటి పూర్ణము

ఉదయకాలమున గృహిణికుండు తొందర యెట్టిదో మేము వేఱుగ వర్ణింపనక్కఱలేదు. పాలు పొంగకముందే పొయ్యికడ నిలువవలెను, పిల్లలకు జడలు వేయవలెను, బడికి పోవువారికి డబ్బాలు సర్దవలెను, ఇంతలో "నేడు ఫలహారమేమి?" యను ప్రశ్న నలుదిక్కులనుండి వినవచ్చును. ఇడ్లీపిండి రుబ్బియుంచుకొన్ననాడు చింత లేదు. పెసలు నానియున్ననాడును చింత లేదు. ఏ యాదివారముననో, చుట్టములు వచ్చినపుడో, పిల్లలు పరీక్షలు ముగించుకొని యింటనున్నపుడో "ఏదైన తీపిగా, క్రొత్తగా చేసిపెట్టు" మని మారాము చేసిననాడే ఆలోచన పట్టుకొనును. తీపియనగానే మనకు బూరెలు, కజ్జికాయలు, కాజాలు స్ఫురించును. వానిలో నొక్కటియు తెల్లవాఱిన తరువాత తలపెట్టి యెనిమిదిగంటలకు వడ్డింపదగినది కాదు.

ఇట్టి దినములకు పనికివచ్చు నుపాయమొకటి యంగడిలో నున్నది. 'పఫ్ పేస్ట్రీ రేకులు' అను పేరుతో మైదాపిండి రేకులు గడ్డకట్టిన స్థితిలో పొట్లములుగ నమ్ముచున్నారు. పట్టణములందలి సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో వెదకినచో దొరకును. బేకరీలలో కర్రీపఫ్ అనియు, ఎగ్‌పఫ్ అనియు అమ్మునవి, కొఱికినంతనే పొడిపొడియై చీరకుచ్చెళ్లపై రాలునవి, యిట్టి పిండితో చేసినవే. విదేశములకు కాపురములకు వెళ్లిన మన యాడపడుచులలో పలువుర కీ రేకులు బాగుగ నలవాటైనవి. కూరపూర్ణము పెట్టి సాయంకాలపు చిఱుతిండికి వాడుకొనుచుందురు. ఇచ్చట మాత్రము వానిని కొనుటకు జంకు గృహిణులు పెక్కుమంది. ఆ జంకునకు కారణములు రెండు. ఒకటి, వానిని వాడు విధము తెలియకపోవుట. రెండవది, నలుగురేమందురో యను సంకోచము. మొదటిదానిని గుఱించి వివరముగ వ్రాయనున్నాము గాని, రెండవది తీరనిదే మొదటిదానితో పనిలేదు కావున, దానినే ముందు విచారింతము.

"కొన్నపిండితో చేసినదియు నొక చేయుటయేనా?" యను మాట మేము పలుయిండ్ల వింటిమి. ఈ మాట యనువారు సాధారణముగ నత్తగారు, పడునది క్రొత్తకోడలు. పెద్దలయెడ మాకు గౌరవము కొఱతపడలేదు. ఐనను వారిని మేమొక్క ప్రశ్న యడుగుదుము. సంక్రాంతికో, పెండ్లికో పూతరేకులు చుట్టునపుడు ఆ రేకును మనయింట తీయుచున్నామా? గోదావరి సీమయందలి ఆత్రేయపురపు స్త్రీలు బోర్లించిన కుండ క్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి జావలో గుడ్డ ముంచి, కుండపై నొక్కమాఱు లాగి తీసిన రేకును కొనితెచ్చి, నేయి రాచి, బెల్లపుపొడి చల్లి మడతపెట్టుచున్నాము. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది; అంతటి గౌరవము వారి చేతినేర్పునకు తగినదే. రేకు కొన్నంతమాత్రమున "పూతరేకులు మేము చేసితి" మని చెప్పుకొనుటకు ఏ యిల్లాలును సిగ్గుపడి యెఱుగదు. సేమియాయు నట్టిదే, అప్పడములు నట్టివే. తిరుగలి యింట నుండగా మరపట్టించిన పిండి తెచ్చుట యొకనాడు నామర్దాగ నుండెడిది. నేడు తిరుగలిని చూచిన కోడండ్రే యరుదు. ఏ పనిని చేతితో చేయవలెను, ఏ పనిని కొనవలెను అను హద్దు తరతరమునకును జరుగుచునే యున్నది. ఆ హద్దు జరిగినప్పుడెల్ల మొదట మాటపడినది గృహిణియే యగుట మాత్రము మాకు వింతగ దోచుచున్నది.

పైగా నీ రేకులు పుట్టిన దేశములలోనే గృహిణులు వీనిని ప్రతిదినము ఇంట చేసికొనువారు కారు. ఉదయమున వెన్నపొరల తీపిరొట్టెలు తినువాడుక ఫ్రాన్సుదేశమునకు ప్రసిద్ధి తెచ్చినదిగదా! ఆ రొట్టెల తరగతికి ఫ్రెంచిభాషలో గల పేరునకు 'వియెన్నా నగరపువి' యని యర్థము. ఆగస్ట్ జాంగ్ అను ఆస్ట్రియా దేశస్థుడు 1838 ప్రాంతమున పారిస్ నగరమునకు వచ్చి, రిషెల్యూ వీథిలో వియెన్నా పద్ధతి రొట్టెలయంగడి తెఱచెను. అందు నెలవంక యాకారమున చేసిన రొట్టెకు నగరమంతయు మరులుకొనినది. దానినుండి వచ్చినదే 'క్రొసాన్' అనునది. 1683లో తురుష్కులు వియెన్నాను ముట్టడించి యోడిపోయినపుడు వారి జెండామీది నెలవంకను వెక్కిరించుటకై రొట్టెవాండ్రు దీనిని కల్పించిరని యొక కథ కలదు. వినుటకు బాగుగనే యుండును గాని, ఆ కాలపు వ్రాతలలో దాని కాధారము కానరాదు. డెన్మార్కువారు తమ తీపిరొట్టెను 'వియెన్నా రొట్టె' యందురు. ఆస్ట్రియావారు దానినే కోపెన్‌హాగెను పేరుపెట్టి పిలుతురు. తక్కిన లోకము 'డేనిష్' అనును. మంచి వంటకమును ఎవరికి వారు పొరుగువారి దనుట యరుదైన మర్యాద!

పారిస్ నగరమున నిట్టి రొట్టెలను వీథిచివరి యంగడిలో కొనితెచ్చుకొందురు. అమెరికాలో నిది మఱియొక త్రోవ త్రొక్కినది. కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరమందలి లైవ్లీ విల్లౌబీ అను రొట్టెలు చేయు నాతడు, పచ్చిపిండిని అట్టగొట్టములో బంధించి చల్లని పెట్టెలో నిలువయుంచు విధానమునకు 1931లో పేటెంటు పొందెను. అదియే నేటి కొన్నపిండికి నాంది. గొట్టము పగులగొట్టి, పిండి తీసి, కాల్చుకొనుటయే గృహిణి పని. ఆ పిండి పొంగుడుసోడావంటి ద్రవ్యములతో పొంగును. మనము చెప్పుకొను రేకు అట్లు గాక పొరలచేతనే పొంగును. ఈ భేదము తెలిసినగాని తరువాతి జాగ్రత్తలకు కారణము తెలియదు కావున, దానిని కొంచెము వివరించెదము.

మైదాను నీటితో తడిపి ముద్దచేసి, పలుచగ నొత్తి, నడుమ చల్లని వెన్నపలక నుంచి, పిండితో కప్పుదురు. దానిని పొడవుగ నొత్తి మూడుమడతలు పెట్టుదురు. చల్లబఱచి మరల నొత్తి మూడుమడతలు. ఇట్లాఱుమాఱులు. మొదటి మాఱునకు మూడు పొరలు, రెండవ మాఱునకు తొమ్మిది, తరువాత 27, 81, 243. ఆఱవ మాఱునకు 729 వెన్నపొరలు. మా వారు బడిలో ఘాతములు బోధించునపుడు గుడ్డను మడిచి చూపెడివారు. ఇప్పుడీ రేకునే యుదాహరణముగ చెప్పుచున్నారట. పిల్లలకు లెక్కతోబాటు నోరూరుటయు నలవడినది. ఈ రేకును వేడి యోవెనులో పెట్టినంతనే వెన్న కరగి పిండిపొరలను వేఱుచేయును. వెన్నలో నూటికి 16 పాళ్ల వఱకు నీరుండును. పిండిలో నింకను నీరుండును. ఆ నీరు ఆవిరియగునపుడు సుమారు 1,600 రెట్లు విస్తరించును గనుక, పొరపొరను పైకెత్తును. సోడాలేదు, ఈస్టులేదు, ఎత్తునదంతయు నావిరియే.

మన మడతకాజా యీ రేకునకు దగ్గఱి చుట్టము. తాపేశ్వరపు కాజా పొరలుపొరలుగ విడుటకును పిండిని పలుచగనొత్తి, నేయి రాచి, చుట్టి మరల నొత్తుటయే కారణము. దానిని నూనెలో వేచి పాకమున ముంచుదుము. దీనిని వేడిగాలిలో కాల్చుదురు. ఇంతియే భేదము. కావున "ఇది పరదేశపు వంట, మన చేతికి రాదు" అని వెఱవనక్కఱలేదు.

ఇక కొనునపుడు చూడవలసినవి. ఇచ్చట కొంచెము నిలిచి మాటలాడెదము. ఏలయన గృహిణి తన వివేకమును చూపవలసిన చోటిదియే. పొట్లము ముందువైపున నున్న బొమ్మను చూడవలదు. వెనుకవైపున చిన్నయక్షరములను చదువుడు. శాకాహారులు పచ్చచుక్క గుర్తును చూచుకొనవలెను. తరువాత, కొవ్వు ఏదియో చూడవలెను. 'వెన్న' యని వ్రాసియున్న రేకులు కొన్ని. 'మార్గరీను' అనియో, 'వనస్పతి క్రొవ్వు' అనియో వ్రాసియున్నవి పెక్కు. వెన్నరేకునకు వెల యెక్కువ, రుచియు నెక్కువ. మార్గరీను వేడికి తొందరగ కరగదు గనుక మన యుష్ణదేశమున బేకరీవారి కదియే యనుకూలము. కాని తిన్న తరువాత అంగిటిపై మైనము పూసినట్లు జిడ్డు నిలుచును.

జిడ్డుకన్న ముఖ్యమైనది వేఱొకటి కలదు. నూనెను గడ్డకట్టించు పద్ధతిలో 'ట్రాన్స్ ఫ్యాట్' అను చెడ్డకొవ్వు పుట్టుననియు, అది రక్తములో కీడుచేయు కొలెస్టరాలును పెంచి గుండెజబ్బులకు దారితీయుననియు వైద్యులు నిర్ణయించినారు. డాల్డా 1937లో మన దేశమున నమ్మకమునకు వచ్చినది మొదలు తరములతరబడి దానిని నేతికి బదులు వాడినవారికి ఈ సంగతి తెలియదు, తెలియుటకు వీలునులేదు. భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2022 జనవరి మొదలు నూనెలలోను, కొవ్వులలోను, వానితో చేసిన తినుబండములలోను ఈ ట్రాన్స్ ఫ్యాట్ మొత్తపు కొవ్వులో నూటికి రెండుపాళ్లు మించరాదని కట్టడిచేసినది. పొట్లముపై నీ లెక్క వ్రాసియుండును. వ్రాయని పొట్లమును, చీటీయే లేని విడిరేకును కొనక విడిచిపెట్టుట మేలు. ఇంటికి దగ్గఱి బేకరీవారు పచ్చిరేకులు తూచి యిత్తుమన్నను, "ఏ కొవ్వుతో చేసితి?" రని మొగమోటములేక యడుగుడు.

గడ్డకట్టిన రేకును ఇంటికి తెచ్చునపుడు అంగడిలో అన్నింటికంటె కడపట తీసికొని, గుడ్డలోనో కాగితములోనో చుట్టి, వెంటనే ఫ్రీజరులో పెట్టవలెను. కరెంటు పోయి పూర్తిగ మెత్తబడిన రేకును మరల గడ్డకట్టించి దాచుట వలదు. పొరలలోని వెన్న పిండిలోనికి ఇంకిపోవును. పిమ్మట కాల్చిన పొంగక, బిస్కత్తువలె చదునుగ నుండును. అట్టిది చెడిపోకముందే ఆనాడే వాడి వేయుట మంచిది.

వాడుటకు ముందురాత్రి రేకును ఫ్రీజరునుండి తీసి, ఫ్రిజ్జులో క్రిందియఱయందుంచినచో తెల్లవాఱునప్పటికి మడతకు లొంగునట్లగును. వెన్న 32 డిగ్రీలకే కరుగనారంభించును. మన వేసవిలో వంటయింటి వేడి అంతకు మించియే యుండునుగదా! కావున నీ పనికి సూర్యోదయమునకు పూర్వమే తగిన కాలము. రాతిబండపై చేయుడు, చెక్కపీటకంటె రాయి చల్లన. పది నిమిషములలో ముగింపవలెను. నడుమ రేకు మెత్తబడి చేతి కంటుకొనినచో, మొండిగ పొడిపిండి చల్లుచు కుస్తీపట్టక, పళ్లెముతోసహా ఫ్రిజ్జులో పదునైదు నిమిషములు పెట్టి మరల తీయుడు. చపాతికర్రతో గట్టిగ నొత్తరాదు, పొరలు నలిగిపోవును. కత్తి పదునైనదిగ నుండవలెను; మొండికత్తితో రంపమువలె కోసిన అంచులు మూసికొనిపోయి పొంగవు.

ఇంక పూర్ణముల సంగతి. రేకు కొన్నదైనను పూర్ణము మనది. మాకు మిక్కిలి నచ్చినది కొబ్బరిలౌజు. రెండుగిన్నెల పచ్చికొబ్బరికోరునకు ఒక గిన్నెడు బెల్లపుకోరు చేర్చి, చిన్నమంటపై కలుపుచు, నీరింకి ముద్దగట్టువఱకు దగ్గఱపఱుపవలెను. దింపి, చెంచాడు నేయియు, ఆఱు ఏలకుల పొడియు కలుపుడు. ఇది కజ్జికాయల పూర్ణమువంటిదే కాని, దానికంటె నొక పాకము గట్టిగ నుండవలెను. పలుచగనున్నచో వేడికి బెల్లము కాఱి పళ్లెమున కంటుకొని మాడును. పూర్తిగ చల్లాఱిన పిమ్మటనే రేకుమీద పెట్టవలెను. వెచ్చని పూర్ణము తగిలిన చోటెల్ల వెన్న కరగి పొర చచ్చును. ఈ కారణముననే పూర్ణమును రాత్రియే చేసి యుంచుకొనుట యుత్తమము.

తెల్లవాఱి రేకును నాలుగంగుళముల చదరములుగ కోయుడు. ఒక్కొక్కదాని నడుమ పెద్దచెంచాడు లౌజుపెట్టి, అంచులకు తడివ్రేలు రాచి, మూలనుండి మూలకు మడిచి ముక్కోణముగ చేసి, అంచులను ఫోర్కుతో నొక్కుడు. కజ్జికాయ యంచును గోటితో మెలిపెట్టు నేర్పున్నవారు ఆ నేర్పునిచ్చట వాడరాదు. మెలిపెట్టిన యంచు బరువై పైకి లేవదు. పైభాగమున కత్తికొనతో రెండుగాట్లు పెట్టినచో ఆవిరి పోవుటకు దారియగును. విదేశములలో గ్రుడ్డుసొన పూయుదురు. మనము పాలలో చిటికెడు పంచదార కలిపి పూసినను బంగారురంగు వచ్చును. పైతట్టునకే పూయవలెను, అంచులమీద కాఱినచో పొరలంటుకొనిపోవును.

ఓవెనును ముందుగ 200 డిగ్రీలకు వేడిచేయుట మఱవరాదు. చల్లని యోవెనులో పెట్టినచో ఆవిరి పుట్టకముందే వెన్న కరగి కాఱిపోవును. ముక్కోణములను చల్లగనున్నపుడే లోపలపెట్టి, పదునైదు నిమిషములవఱకు తలుపు తెఱవక, మొత్తముమీద ఇరువది నిమిషములు కాల్చుడు. పైన మాత్రమే గాక ప్రక్కలును, అడుగును ఎఱ్ఱబడవలెను. పైయెఱుపును చూచి త్వరపడి తీసినచో నడుమ పచ్చిపిండి వాసన మిగులును. లోనిబెల్లము చాలసేపు సలసలలాడుచునే యుండును కాబట్టి, పిల్లలచేతికి పదినిమిషములు తాళి యీయవలెను.

ఈ యిరువది నిమిషములను గుఱించి మాకొక పక్షపాతము కలదు. దోసెలనాడు ఇంటివారందఱు తినుచుండగా గృహిణి పొయ్యిదగ్గఱ నిలిచి ఒక్కొక్కటి వేయుచు, అందఱు లేచిన తరువాత చల్లాఱిన పచ్చడితో రెండు తినును. ఇది మన యిండ్ల నాచారమైపోయినది. ఎవరును దీనిని గమనింపనైన గమనింపరు. ఓవెనులో నొక్కమాఱు పళ్లెము పెట్టినచో పండ్రెండును నొక్కసారియే కాలును. ఆ నడుమ స్నానమైన చేసికొనవచ్చును. నాలుగు పద్యములైన చదివికొనవచ్చును. పిమ్మట అందఱితో కూర్చుండి వేడిగ తినవచ్చును. కొన్నపిండిని తప్పుపట్టువారికి ఈ సంగతి చెప్పుడు. మా వీథిలో నొక పెద్దావిడ, కోడలు తనప్రక్కన కూర్చుండి తినుట మొదటిసారి చూచి, "నీకును కొబ్బరిలౌజనిన నింత యిష్టమా!" యని యాశ్చర్యపడెను. ఆ కోడలు కాపురమునకు వచ్చి యప్పటికి పదునొకండేండ్లు.

మామిడితాండ్రతో చేయునది యింకను సులభము. పూర్ణము వండు పనియేలేదు. తాండ్రను వ్రేలివెడల్పున కోసి, రేకును మూడంగుళముల వెడల్పున, నాలుగంగుళముల పొడవున ముక్కలుచేసి, ఒక్కొక్కదానిలో తాండ్రముక్కలు రెండుంచి చుట్టి, అంచు క్రిందివైపునకు వచ్చునట్లు పళ్లెముపై పెట్టి, పాలుపూసి, పంచదార చల్లి కాల్చుడు. వేడికి తాండ్ర మెత్తబడి పండురసమువలె నగును. పులుపు, తీపి, వెన్న కలిసిన ఆ రుచి మామిడిపండ్లు లేని కార్తికమున నెంత హాయిగ నుండునో తిన్నవారికే తెలియును. తాండ్ర మఱీ గట్టిదైనచో వేడిపాలు చిలుకరించి అరగంట యుంచుడు.

అరటిపండుతో చేయదలచినవారు చక్కెరకేళి తీసికొనుడు. కొంచెము గట్టిగనున్న పండే మేలు, మిగులమాగినది నీరుకాఱును. చక్రములుగ కోసి, రేకుముక్కమీద పఱచి, బెల్లపుపొడియు వేచిన నువ్వులును చల్లి, మూయకయే కాల్చవచ్చును.

పూర్ణమే లేనిదొకటి చెప్పెదము. ఫ్రెంచివారు దీనిని తాళవృక్షము పేర పిలుతురు. ఆకారమున తాటాకు విప్పినట్లే యుండును. రేకుపై నేలకులపొడి కలిపిన పంచదారను దట్టముగ చల్లి, చపాతికర్రతో తేలికగ నద్ది, రెండుప్రక్కలనుండి నడుమకు చాపవలె చుట్టుకొని రావలెను. రెండు చుట్టలు నడుమ కలిసిన పిమ్మట ఫ్రిజ్జులో నిరువది నిమిషములుంచి, అరయంగుళము మందమున ముక్కలుకోసి, కోసినప్రక్క పైకి వచ్చునట్లు పఱచి, పండ్రెండు నిమిషములు కాల్చి, త్రిప్పి మఱి యైదునిమిషములు కాల్చుడు. పంచదార పాకమై గాజువలె మెఱయును. ఇవి డబ్బాలో రెండుదినములు కరకరలాడుచు నిలుచును.

ఓవెను లేనివారు నిరాశపడవలదు. తెలుగునాట ఓవెనుగల వంటయిండ్లు నేటికిని కొలదియే. మందపు ఇనుపకళాయిలో రెండుగిన్నెల గల్లుప్పు పఱచి, నడుమ కుదురొకటి పెట్టి, మూతవేసి పదునైదు నిమిషములు వేడిచేసి, పళ్లెమును కుదురుపై నుంచి, మూతబిగించి, నడిమంటపై ముప్పదినుండి ముప్పదియైదు నిమిషములు కాల్చవచ్చును. అడుగు చక్కగ నెఱ్ఱబడును, పైభాగము తెల్లగ నుండును. కడపటి యైదునిమిషములకు బోర్లించినచో రెండుప్రక్కలును సరిపడును. పొంగు ఓవెనులోనంత రాదని ముందే చెప్పుచున్నాము. ప్రెషరుకుక్కరును నీరులేక పొయ్యిపై నెక్కించుట, నాన్‌స్టిక్ పాత్రను వట్టిగ వేడిచేయుట రెండును కూడనివి. మైక్రోవేవు ఒక్కటే యున్నచో దానిలోని కన్వెక్షను వేడిని వాడవలెను. వట్టి మైక్రోవేవులో రేకు తోలువలె సాగును.

ఇంతవఱకు పొగడితిమి గనుక, దీని హద్దును గూడ చెప్పుట న్యాయము. ఇది మైదా, కొవ్వు, తీపి కలిసిన వస్తువు. పీచు మిగుల తక్కువ. నెలకు రెండుమాఱులు ఫలహారమునకు చాలును. మధుమేహముగల పెద్దలున్న యింట వారికి లౌజులో బెల్లము తగ్గించితిమని ధైర్యము చెప్పుట తప్పు. బెల్లము మానినను మైదాయు రక్తములోని చక్కెరను పెంచును. వారికి పెసరట్టు వేఱుగ వేయుడు. పిల్లలకు ఒక్కొక్కరికి రెండు ముక్కోణములు, ప్రక్కన ఉడికించిన శనగలో, బొప్పాయిముక్కలో, ఒక గ్లాసెడు పాలో పెట్టినచో కడుపు నిలుచును. వట్టి తీపి తిని బడికి పోయిన పిల్లవానికి పదిగంటలకే మరల ఆకలి వేయునని మా వారి ఫిర్యాదు; ఆ గంటకు తరగతిలో ఎవరెవరు కిటికీవైపు చూచుచుందురో ఆయన కెఱుకే.

ఖర్చు సంగతియు నాలోచింపుడు. బేకరీలో పండ్రెండు కొనుటకంటె రేకులు కొని యింట చేయుట సాధారణముగ చౌక. లోపల నేమిపెట్టినది మనకు తెలిసియుండును. కాని కాజాలకు, బూరెలకు బదులుగ దీనిని పండుగపీటపై నెక్కించుటకు మేము సమ్మతింపము. పండుగనాటి పిండివంటకు శ్రమయు నొక భాగమే. పదిమంది యాడువారు చుట్టును చేరి కజ్జికాయలు ఒత్తుచు చెప్పుకొను మాటలు ఏ యంగడిలోను దొరకవు.

కడపట నొక చిన్న సంగతి. చదరములు కోయగా మిగిలిన తునుకలను ముద్దగ పిసుకుట మన చేతుల కలవాటు; చపాతిపిండి నట్లే చేయుదుము. ఇచ్చట నట్లు చేసినచో పొరలన్నియు పోవును. తునుకల నొకదానిపై నొకటి పేర్చి, నొక్కి, చల్లబఱచి, పొడవుగ నొత్తి, వాముగింజలు, ఉప్పు చల్లి, పుల్లలుగ కోసి, మెలిత్రిప్పి అదే పళ్లెపుమూలను కాల్చుడు. సాయంకాలపు కాఫీకి, బడినుండి వచ్చిన పిల్లలకు అవి సరిపోవును. మఱునాటికి మిగిలిన తీపి ముక్కోణములను మైక్రోవేవులో వేడిచేయక, ఓవెనులో 160 డిగ్రీలకడ నైదునిమిషములుంచినచో మరల కరకరలాడును. కొబ్బరిపూర్ణము వేసవిలో త్వరగ పులియును గావున ఆ దినమే చెల్లునట్లు లెక్కచూచి చేసికొనుడు.